ఇంగ్లీషు హోంవర్కు: తల ఎన్నిసార్లు ఎత్తారు?

ఇవాళ రాత్రి ఇంగ్లీషు హోంవర్కు చెయ్యటానికి కూర్చొన్నప్పుడు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. దీనికి ఖర్చేమీ లేదు. మీ తెలుగు వాచకం, ఇంగ్లీషు వాచకం, నోటుపుస్తకం, పెన్ను కావాలి. లెక్కపెట్టటానికి పక్కన తమ్ముడో, చెల్లెలో, అమ్మో ఉండాలి.

ముందుగా తెలుగు వాచకంలోంచి నాలుగు వరసలు చూసి రాయండి. రాస్తూ రాస్తూ మీరు పుస్తకం కేసి ఎన్నిసార్లు తల ఎత్తి చూశారో పక్కవాళ్ళు లెక్కపెట్టాలి. తరవాత ఇంగ్లీషు వాచకంలోంచి నాలుగు వరసలు అలాగే చూసి రాయండి. మళ్ళీ లెక్కపెట్టించండి. రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూడండి.

తెలుగులో ఒకసారి తల ఎత్తితే నాలుగైదు మాటలు పట్టుకొని వచ్చి రాసి ఉంటారు. ఇంగ్లీషులోనో? కొందరు ఒక్కొక్క మాటకూ తల ఎత్తి ఉంటారు. మాట పొడుగైతే సగం మాటకే ఎత్తి ఉంటారు. రాసేది అదే చెయ్యి, చూసేది అవే కళ్ళు. మరి ఎందుకింత తేడా?

కారణం కంట్లో లేదు, చేతిలో లేదు. మెదడులో ఉంది. ఆ కారణం తెలిస్తే హోంవర్కు ఎందుకు చెయ్యాలో, ఎలా చేస్తే ఫలితం ఉంటుందో కూడా తెలుస్తుంది.

మెదడు గుప్పిట ఎంత?

పుస్తకం నుంచి కన్ను తిప్పి నోటుపుస్తకం మీదికి వచ్చేలోపల చూసినదాన్ని మెదడు క్షణకాలం పట్టుకొని ఉంచాలి. దీన్ని తాత్కాలిక జ్ఞాపకం అనవచ్చు. ఇది గుప్పిట లాంటిది. అందులో పట్టేవి కొన్నే. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ 1956లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఈ గుప్పిటలో ఏడు, కాస్త అటూ ఇటూగా, అంశాలు పడతాయని అందులో చెప్పాడు. తరవాతి పరిశోధకులు నాలుగేనన్నారు. ఏడైనా నాలుగైనా, గుప్పిట చిన్నదే.

అయితే మిల్లర్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. గుప్పిట చిన్నదే కాని అందులో వేసుకొనే ముద్ద పెద్దది కావచ్చు. అక్షరాలుగా పట్టుకొంటే నాలుగైదు అక్షరాలే వస్తాయి. మాటలుగా పట్టుకొంటే నాలుగైదు మాటలు వస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం అనే ఊరుంది. 2022 ఏప్రిల్ దాకా అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ ఊరి పేరు తెలుగులో న, ర్సీ, ప, ట్నం. నాలుగే అక్షరాలు. అదే ఇంగ్లీషులో రాస్తే ఎన్, ఎ, ఆర్, ఎస్, ఐ, పి, ఎ, టి, ఎన్, ఎ, ఎమ్ అని పదకొండు అక్షరాలు. పదకొండింటినీ విడివిడిగా మొయ్యాలంటే గుప్పిట చాలదు. కాని ఆ ఊరి పిల్లలు బస్టాండులోనూ, దుకాణాల బోర్డుల మీదా, బడి గేటు మీదా ఆ పేరు రోజూ చూస్తారు. వాళ్ళకు ఆ పదకొండు అక్షరాలూ కలిసి ఒకటే ముద్ద. తల ఎత్తకుండానే రాసెయ్యగలరు.

అంటే మీ తల ఎన్నిసార్లు లేచిందన్న అంకె మీ తెలివికి కొలత కాదు. ఇంగ్లీషు మీకు ఎంత పెద్ద ముద్దలుగా అందుతున్నదో దానికి కొలత. అలవాటు పెరిగితే ముద్ద పెరుగుతుంది. ముద్ద పెరిగితే తల లేవటం తగ్గుతుంది.

కన్ను నడవదు, గెంతుతుంది

చదివేటప్పుడు మన కన్ను వరస వెంట నున్నగా జారిపోతున్నదని అనుకొంటాం. అది నిజం కాదు. ఫ్రెంచి కంటివైద్యుడు ఎమిల్ జవాల్ 19వ శతాబ్దం చివర ఈ సంగతి గుర్తించాడు. కన్ను ఒకచోట ఆగుతుంది, గెంతుతుంది, మళ్ళీ ఆగుతుంది. తరవాత వచ్చిన పరికరాలతో దీన్ని కొలిచారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ కన్ను ఒక్కొక్క చోట సెకనులో సుమారు నాలుగోవంతు సేపు ఆగుతుంది. ఒక్కొక్క గెంతులో ఏడెనిమిది అక్షరాలు దాటుతుంది. అర్థంకానప్పుడు వెనక్కి కూడా గెంతుతుంది.

చదువు కొత్తగా నేర్చుకొనేవారి కన్ను ఎక్కువసార్లు, ఎక్కువసేపు ఆగుతుంది. వరస చివరికి వచ్చేసరికి మొదటి మాట గుప్పిటలోంచి జారిపోతుంది. అన్ని మాటలూ చదివాం, కాని వాక్యం అర్థం కాలేదు అని మీరు అప్పుడప్పుడు అనుకొనేది ఇందుకే. రెండోసారి, మూడోసారి చదివితే గెంతులు తగ్గి అర్థానికి చోటు దొరుకుతుంది. కాబట్టి ఒకే పేరాను మూడుసార్లు చదవటం చేతకానితనం కాదు, మంచి అభ్యాసం.

మెదడులో కూడా మార్పు వస్తుంది. తలకు ఎడమపక్క, చెవికి వెనకగా అడుగున ఒక చిన్న భాగం ఉంది. చదవటం నేర్చినవారిలో అది అక్షరాలను గుర్తుపట్టే పని చేస్తుంది. స్టానిస్లాస్ దెహాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ బ్రెజిల్, పోర్చుగల్ దేశాలకు చెందిన 63 మంది పెద్దల మెదళ్ళను పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. వారిలో చదువురానివారూ, చిన్నప్పుడు చదువుకొన్నవారూ, పెద్దయ్యాక చదవటం నేర్చినవారూ ఉన్నారు. పెద్దయ్యాక నేర్చినవారి మెదడులో కూడా ఆ భాగం అక్షరాలకు స్పందించింది. నేర్చుకోవటానికి ఆలస్యమైపోయిందని దిగులు పడనక్కరలేదన్నమాట.

ఇంగ్లీషు స్పెల్లింగుతో తంటా

తెలుగులో పలికినట్టే రాస్తాం. ఇంగ్లీషులో అలా కాదు. అక్షరాలు 26, ధ్వనులు సుమారు 44. ఒకే అక్షరం పలు పనులు చెయ్యక తప్పదు. ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలు చివర ఉన్న మాటలు చూడండి. ఒకదాన్ని 'త్రూ' అంటాం, ఒకదాన్ని 'దో' అంటాం, ఇంకొకదాన్ని 'టఫ్' అంటాం. 'నైఫ్' అనే మాటకు ముందు కె ఎందుకు? కొన్ని వందల ఏళ్ళ కిందట దాన్ని నిజంగానే పలికేవారు. విలియం కాక్‌స్టన్ 1476లో ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. అచ్చు పెరిగినకొద్దీ స్పెల్లింగు స్థిరపడింది. నోటి పలుకుబడి మాత్రం మారుతూనే పోయింది. పలకటం పోయినా కె అక్షరం కాగితం మీద మిగిలిపోయింది.

కాబట్టి ఇంగ్లీషు మాట చెవికి తెలిస్తే చాలదు, కంటికీ చేతికీ కూడా తెలియాలి. ఇందుకే చదవటం, రాయటం రెండూ విడివిడిగా సాధన చెయ్యాలి.

తరగతిలో ఒక్క నిమిషం

నర్సీపట్నం మైదానం ముగిసి కొండలు మొదలయ్యేచోట ఉంది. చుట్టుపక్కల వరి, చెరకు పండించే పల్లెలున్నాయి. ఇంకా పైకి పోతే చింతపల్లి వైపు కొండ గూడేలున్నాయి. ఆ కొండల్లో కువి మాట్లాడే ఇళ్ళున్నాయి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ పిల్లలకు తెలుగే రెండో భాష. ఇంగ్లీషు మూడోది. ఇలాంటి పిల్లలకు బడి దాటితే ఇంగ్లీషు వినపడేది తక్కువ. ఇంట్లో అడుగుదామంటే చెప్పేవారుండరు.

ఇప్పుడు ఒక లెక్క వెయ్యండి. తరగతిలో 45 మంది ఉన్నారు, పీరియడు 45 నిమిషాలు అనుకొందాం. మాస్టారు ఒక్క క్షణం కూడా వృథా చెయ్యకుండా అందరిచేతా విడివిడిగా చదివించినా ఒక్కొక్కరికి వచ్చేది ఒక్క నిమిషం. ఇంటిదగ్గర అరగంట హోంవర్కు చేస్తే? ముప్ఫయి రోజుల తరగతిలో మీ వంతుకు వచ్చే కాలం ఒక్క రాత్రిలో మీకు దొరుకుతుంది. ఇంట్లో ఇంగ్లీషు తెలిసినవారు లేనివారికి ఈ అరగంట మరీ విలువైనది. దాన్ని ఉత్త చేతిపనిగా గడిపేస్తే నష్టం మనకే.

చూసి రాయటం ఎందుకు చాలదు?

గైడులో జవాబు చూసి ఎక్కించటం, పక్క పిల్లవాడి నోటుపుస్తకం చూసి ఎక్కించటం, ఫోనును అడిగి అది చెప్పింది ఎక్కించటం, మూడూ ఒకటే. పేజీ నిండుతుంది. ఎర్ర సిరా టిక్కు పడుతుంది. కాని మెదడుకు పని పడలేదు. కన్ను అక్షరాలను తెచ్చింది, చెయ్యి దించేసింది.

జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ మరుపును కొలవటానికి తనమీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లో పుస్తకంగా ప్రకటించాడు. అర్థంలేని అక్షర గుంపులను బట్టీపట్టేవాడు. కొంతకాలం ఆగి, వాటిని మళ్ళీ నేర్చుకోవటంలో మొదటి శ్రమలో ఎంత ఆదా అయిందో లెక్కకట్టేవాడు. 20 నిమిషాల తరవాత 58 శాతం, ఒక గంటకు 44 శాతం, ఒక రోజుకు 34 శాతం, 31 రోజులకు 21 శాతం ఆదా అయింది. చూశారా! మొదటి గంటలోనే మరుపు పరుగెత్తింది. ఆ తరవాత మెల్లగా నడిచింది. అర్థమున్న సంగతులు ఇంత త్వరగా పోవు. కాని అర్థం తెలుసుకోకుండా ఎక్కించిన ఇంగ్లీషు మాటలు అర్థంలేని అక్షర గుంపులే కదా!

మరి మరుపుకు మందేమిటి? అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు 2006లో ఒక ప్రయోగం ప్రకటించారు. విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చి చదివించారు. కొన్నింటిని రెండోసారి కూడా చదివించారు. మిగతావాటిని రెండోసారి చదవనివ్వకుండా, పుస్తకం మూసి గుర్తున్నంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవే మెరుగ్గా గుర్తున్నాయి. అవి 81 శాతం, చూడకుండా రాసినవి 75 శాతం. కాని వారం తరవాత పరీక్ష పెడితే తారుమారైంది. రెండుసార్లు చదివినవి 42 శాతం, చూడకుండా రాసినవి 56 శాతం గుర్తున్నాయి.

ఇందులో మనం గమనించవలసింది ఒకటే. మెదడులోకి తోసిన దానికంటే మెదడులోంచి బయటికి లాగినది గట్టిగా నిలుస్తుంది. రాకపోయినా కాసేపు తన్నుకులాడి గుర్తుచేసుకోవటమే అసలు సాధన. ఆ తన్నుకులాట కష్టంగా ఉంటుంది. నాకు రావటంలేదు అనిపిస్తుంది. నేర్చుకోవటం జరిగేది సరిగ్గా అప్పుడే.

వెంకటేశం ఇంగ్లీషు, గురజాడ ఇంగ్లీషు

'కన్యాశుల్కం' నాటకంలో ఒక సరదా ఘట్టం ఉంది. శిష్యుడు వెంకటేశంతో కలిసి గిరీశం వాళ్ళింటికి వస్తాడు. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మకు ముచ్చట. గురుశిష్యులిద్దరూ ఏమాత్రం తడబడకుండా ఇంగ్లీషు వెళ్ళగక్కుతారు. అదంతా చిన్నపిల్లల పాటల ముక్కలూ, వాచకంలో పద్యాల ముక్కలూ, రేఖాగణితం ముక్కలూ! ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. ఆ తల్లి మాత్రం మురిసిపోతుంది. నోటికి వచ్చింది, బుద్ధికి రాలేదు. చూసి ఎక్కించిన హోంవర్కు అచ్చంగా వెంకటేశం ఇంగ్లీషే.

ఆ నాటకం రాసిన గురజాడ అప్పారావుగారు 1862లో ఎస్. రాయవరంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన చదువు చీపురుపల్లిలోనూ, విజయనగరంలోనూ సాగింది. ఇంగ్లీషు ఆయనకూ పరాయి భాషే. అయినా విద్యార్థి దశలోనే ఇంగ్లీషులో పద్యాలు రాశారు. వాటిలో 'సారంగధర' 1883లో అచ్చయింది. తరవాత తన డైరీలు చాలావరకు ఇంగ్లీషులోనే రాసుకొన్నారు. డైరీని ఎవరూ దిద్దరు, మార్కులు వెయ్యరు. ఆనాడు జరిగింది తన మనసులోంచి తీసి, తన మాటల్లో పెట్టాలి. బయటికి లాగే సాధన అంటే ఇదే. తెలుగులో వాడుకభాషకు అంత పాటుపడ్డ మనిషి ఇంగ్లీషును కూడా అలా తనది చేసుకొన్నారు. ఒక భాష నేర్చుకొంటే మరొకటి చెడదు.

ఇలా చేసి చూడండి

చదవటానికి: ముందు పాఠంలో ఒక పేరా తీసుకోండి. తెలియని మాట రాగానే డిక్షనరీ తియ్యకండి. చుట్టూ ఉన్న మాటలనుబట్టి ఊహించండి. ఉదాహరణకు ఈ మూడు వాక్యాలు చూడండి. వీటిని తెలుగు లిపిలో ఇస్తున్నాం. ఇంగ్లీషు అక్షరాలతో మీరే రాసుకోండి, అదీ ఒక అభ్యాసమే.

లంబసింగి ఈజ్ ఎ స్మాల్ విలేజ్. ఇన్ వింటర్ ఇట్ ఈజ్ వెరీ కోల్డ్ దేర్. ఇన్ ది మార్నింగ్ థిక్ ఫాగ్ కవర్స్ ది రోడ్.

లంబసింగి నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే దారిలో ఉన్న ఊరు. మీకు 'ఫాగ్' అన్న మాట తెలియదనుకోండి. చలికాలం, పొద్దున్న, రోడ్డును కప్పేసేది. ఏమై ఉంటుంది? పొగమంచు! ఇప్పుడు డిక్షనరీ తీసి మీ ఊహ సరిచూసుకోండి. ఇలా దొరికిన మాట మరిచిపోరు.

పేరా అయ్యాక పుస్తకం మూసి, చదివినదాన్ని ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. అమ్మకు ఇంగ్లీషు రాకపోవచ్చు, అమ్మమ్మకు అక్షరాలే రాకపోవచ్చు. అయినా మీరు చెప్పింది పొందికగా ఉందో లేదో వాళ్ళు ఇట్టే పట్టేస్తారు. 'అదేమిట్రా, ఇందాక ఒకటి చెప్పి ఇప్పుడింకొకటి చెబుతున్నావు' అన్నారంటే మీకు అక్కడ అర్థం కాలేదన్నమాట. ఆ వాక్యం మళ్ళీ చదవండి. ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవారు లేకపోయినా పరీక్షించేవారు ఉన్నారు!

రాయటానికి: మాటను చూడండి. పైకి పలకండి. పుస్తకం మూసెయ్యండి. రాయండి. తెరిచి సరిచూసుకోండి. తప్పుపోతే మాటంతా మళ్ళీ రాయండి. వాక్యాన్ని కూడా అలాగే ముద్దలుగా విడగొట్టి చూడకుండా రాయండి. 'ఇన్ ది మార్నింగ్' ఒక ముద్ద, 'థిక్ ఫాగ్' ఒక ముద్ద, 'కవర్స్ ది రోడ్' ఒక ముద్ద.

సొంతంగా: రోజూ పడుకోబోయే ముందు ఆనాటి సంగతులు నాలుగు వాక్యాల్లో ఇంగ్లీషులో రాయండి. తప్పులు వస్తాయి. రానివ్వండి. తెలుగుతనం వల్ల వచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి, వాటిని గుర్తుపెట్టుకొంటే చాలు. తెలుగులో క్రియ చివర వస్తుంది, 'రాము మామిడిపండు తిన్నాడు' అంటాం. ఇంగ్లీషులో క్రియ మధ్యకు వస్తుంది, 'రాము ఏట్ ఎ మ్యాంగో'. ఆ మ్యాంగో ముందున్న 'ఎ' తెలుగులో లేదు కాబట్టి మనం మరిచిపోతాం. అలాగే 'నేను వెళ్ళలేదు' అనటానికి 'ఐ డిడ్ నాట్ వెంట్' అని రాస్తాం. జరిగిపోయిందని 'డిడ్' ఒకసారి చెప్పేసింది, మళ్ళీ 'వెంట్' చెప్పనక్కరలేదు. 'ఐ డిడ్ నాట్ గో' అంటే సరి. నోటుపుస్తకం చివరి పేజీల్లో మీ తప్పుల పట్టిక ఒకటి పెట్టుకోండి. ఒకే తప్పు మూడుసార్లు కనిపిస్తే దాన్ని మాస్టారిని అడగండి. ఫోను ఉంటే అది కూడా అప్పుడే, మీరు రాసిన తరవాతే తియ్యండి.

మీరే శాస్త్రజ్ఞులు

ఇదంతా మేం చెప్పామని నమ్మకండి. పరీక్షించి చూడండి. మీకు రాని ఇరవై ఇంగ్లీషు మాటలు ఎంచుకోండి. చీటీలు వేసి వాటిని పది పది మాటల రెండు జాబితాలుగా విడదియ్యండి. అప్పుడు సులువైనవన్నీ ఒకవైపు చేరవు. మొదటి జాబితాలో మాటలను ఒక్కొక్కటి అయిదుసార్లు చూసి రాయండి. రెండో జాబితాలో మాటలను ఒక్కసారి చూసి, నాలుగుసార్లు పుస్తకం మూసి రాయండి, ప్రతిసారీ సరిచూసుకోండి. రెండింటికీ ఒకే కాలం వాడండి. తరవాత వారం రోజులు ఆ కాగితాలు ముట్టుకోవద్దు. ఎనిమిదో రోజున తమ్ముడిచేత తెలుగు అర్థాలు చదివించి ఇంగ్లీషు మాటలు రాయండి. ఏ జాబితాలో ఎన్ని వచ్చాయి? స్నేహితులు పదిమంది కలిసి చేస్తే ఫలితం ఇంకా నమ్మదగినదిగా ఉంటుంది.

ఇక మొదటి రోజు వేసుకొన్న ఆ రెండు అంకెలూ, తెలుగులో తల ఎన్నిసార్లు లేచింది, ఇంగ్లీషులో ఎన్నిసార్లు లేచింది అన్నవి, నోటుపుస్తకం అట్ట లోపలివైపు తారీఖుతో సహా రాసిపెట్టుకోండి. నెల రోజులు ఇలా హోంవర్కు చేశాక ఇంగ్లీషులో మరో నాలుగు వరసలు తీసి రాయండి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని లెక్కపెట్టించండి. అంకె తగ్గితే, మీకు ఇంగ్లీషు వస్తున్నదని అందరికంటే ముందు తెలిసేది ఆమెకే.